ట్రిప్ టక్కర్ పోయాడా, బతికే ఉన్నాడా?

అమెరికాలో స్టార్ ట్రెక్ అభిమానులు నలుగురు ఒకచోట చేరారనుకోండి. వాళ్ళని రెండు ముఠాలుగా చీల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. “ఇంతకీ ట్రిప్ టక్కర్ పోయాడా, బతికే ఉన్నాడా?” అని అడిగేసి మీ మానాన మీరు కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళొచ్చు. తిరిగొచ్చేసరికి వాదన మంచి పాకాన పడి ఉంటుంది. పోయాడనేవాళ్ళకి సాక్ష్యం 2005లో టీవీలో వచ్చిన చివరి భాగం. బతికున్నాడనేవాళ్ళకి సాక్ష్యం 2007లో అచ్చయిన ఒక నవల. ఈ తగువులో నాకూ ఒక పక్షం ఉంది గాని, అది ఆ రెంటిలో ఏదీ కాదు. అదేమిటో చెప్పాలంటే ముందు కథ చెప్పాలి. స్టార్ ట్రెక్ ఎరగనివాళ్ళు బెదిరిపోకండి. మాయాబజార్ చూసి ఆనందించినవాళ్ళకి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

సీరియల్ పేరు “స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్”. 2001 సెప్టెంబరులో మొదలై, నాలుగు సీజన్లు, 98 భాగాలు నడిచి, 2005 మే 13న ముగిసింది. అప్పటిదాకా వచ్చిన స్టార్ ట్రెక్ సీరియళ్ళన్నిటికంటే ముందు కాలంలో, 22వ శతాబ్దంలో జరిగే కథ. మనుషులు అప్పుడప్పుడే నక్షత్రాల దారి పట్టారు. ఓడ కొత్తది, దారి కొత్తది, ఎవరికీ ఏదీ సరిగ్గా తెలియదు. కెప్టెన్ పేరు ఆర్చర్. సైన్సు ఆఫీసరు టిపాల్, వల్కన్ గ్రహం మనిషి. ఇక ఇంజన్ల బాధ్యత మన ట్రిప్ టక్కర్‌ది. ఫ్లోరిడా కుర్రాడు, దక్షిణాది యాస, తిండిపుష్టి, నోటి దురుసు. కెప్టెన్‌కి ప్రాణస్నేహితుడు. భూమ్మీద జరిగిన దాడిలో చెల్లెల్ని పోగొట్టుకున్నవాడు. టిపాల్‌తో అతని ప్రేమ ఒక అడుగు ముందుకీ రెండడుగులు వెనక్కీ నడుస్తుంటుంది.

నేనీ సీరియల్ చూసింది ఎమ్మెస్ చదివే రోజుల్లో, రూమ్మేటు దగ్గరున్న డీవీడీల మీద. కెప్టెన్లంటే నాకెప్పుడూ పెద్ద మోజు లేదు. ట్రిప్ మాత్రం వెంటనే మనవాడనిపించాడు. పైన ఎవరో వీరోచితంగా ఆజ్ఞలిస్తుంటే కింద చెమటలు కక్కుతూ వాటిని జరిపించేవాడు అతనే. “ఎంతసేపు పడుతుంది?” అని అడిగితే “రెండు గంటలు” అంటాడు. “నీకు పది నిమిషాలే ఉంది” అంటారు. ప్రొడక్షన్ సపోర్టులో ఒక్క రాత్రి గడిపినవాడెవడికైనా ఈ సంభాషణ కొత్తగా ఉండదు.

సరే, చివరి భాగంలో ఏమయిందంటే, కథ ఒక్కసారిగా ఆరేళ్ళు దూకి 2161కి వెళ్తుంది. భూమీ మరికొన్ని గ్రహాలూ కలిసి ఫెడరేషన్ అనే కూటమి కట్టబోతున్నాయి. ఆ సంతకాల పండగకి ముందు ఓడలోకి దుండగులు జొరబడతారు. ఆర్చర్‌ని కాపాడడానికి ట్రిప్ వాళ్ళని మాటల్లో పెట్టి పక్కకి తీసుకెళ్ళి, అక్కడ పేలుడు జరిపిస్తాడు. ఆ గాయాలతో తనూ పోతాడు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఇదంతా మనం నేరుగా చూడం. రెండొందల ఏళ్ళ తర్వాత, “నెక్స్ట్ జనరేషన్” అనే పాత సీరియల్లోని రైకర్ అనే ఆఫీసరు, హోలోడెక్‌లో పెట్టుకుని చూస్తుంటాడు. హోలోడెక్ అంటే గదికి గది బొమ్మల లోకంగా మారిపోయే యంత్రం. రైకర్‌కి తన కెప్టెన్ దగ్గర దాచిన పాత రహస్యం ఒకటుంది. అది చెప్పాలా వద్దా అన్న తర్జనభర్జన 1994లో “ద పెగసస్” అనే భాగంలో వచ్చిందే. ఆ నిర్ణయానికి సాయంగా అతను ఈ చరిత్ర చూస్తున్నాడన్నమాట. అంటే నాలుగేళ్ళు మనతో గడిపిన ట్రిప్ చావు ఇంకో సీరియల్లోని ఇంకో మనిషికి పాఠంగా మిగిలింది. చివర్లో ఆర్చర్ ఉపన్యాసం ఇవ్వడానికి వేదిక ఎక్కుతాడు. ఆ ఉపన్యాసం మనం వినకముందే రైకర్ యంత్రం ఆపించేసి వెళ్ళిపోతాడు. మన ఇంట్లో పెళ్ళి జరుగుతుంటే సరిగ్గా తాళి కట్టే వేళకి పక్కింటాయన వచ్చి లైట్లు ఆర్పేసి పోయినట్టుంది.

అభిమానులు మండిపడ్డారంటే మండిపడరూ మరి! అదే రాత్రి ఆ చివరి భాగానికి ముందు “టెర్రా ప్రైమ్” అనే భాగం వచ్చింది. సీరియల్ అసలు అక్కడే అయిపోయింది అని ఇప్పటికీ ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు.

ఇక నవల. ఆండీ మాంగెల్స్, మైకేల్ మార్టిన్ అనే ఇద్దరు కలిసి రాశారు. పేరు “ద గుడ్ దట్ మెన్ డు”. షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఆంటొనీ ప్రసంగంలోంచి తీసుకున్న పేరది. ఆ ఇద్దరే 2006లో రాసిన “లాస్ట్ ఫుల్ మెజర్” చివర్లో ట్రిప్ బతికే ఉన్నాడని సూచన చేసి వదిలారు. 2007 నవలలో సంగతంతా విప్పారు. దీనికీ పై చట్రం ఒకటుంది. “డీప్ స్పేస్ నైన్” సీరియల్లో చిన్నప్పట్నుంచీ స్నేహితులైన జేక్ సిస్కో, నాగ్ ఇద్దరూ ముసలివాళ్ళై కూర్చుని, కొత్తగా బయటపడ్డ రహస్య రికార్డులు చూస్తుంటారు. రైకర్ చూసిన చరిత్ర తప్పుడు చరిత్ర అని అప్పుడు తెలుస్తుంది. ట్రిప్ 2161లో చావలేదు. 2155లోనే చనిపోయినట్టు నాటకమాడి, సెక్షన్ 31 అనే గూఢచారి ముఠా తరఫున రోములన్ సామ్రాజ్యంలోకి వేషం మార్చుకుని వెళ్ళాడు. వాళ్ళు కొత్తగా తయారుచేస్తున్న వేగవంతమైన ఇంజన్ల సంగతి చూడడానికి ఇంజన్లు తెలిసినవాడు కావాలిగా మరి.

నాకు ఇందులో నచ్చిందేమిటో చెప్తాను. ఈ రచయితలు టీవీ భాగాన్ని కాదని పక్కకి నెట్టలేదు. ఎవరూ చదవనంత శ్రద్ధగా దాన్ని చదివారు. ఆరేళ్ళు గడిచినా ఓడలో ఎన్సైన్లు ఎన్సైన్లుగానే ఉండిపోయారేమిటి? కెప్టెన్‌ని కాపాడడానికి అంత తెలివైన ఇంజనీరుకి అంతకంటే మంచి ఉపాయం తట్టలేదా? మనమంతా “రాసినవాళ్ళ అశ్రద్ధ” అని తిట్టుకున్న ప్రతి అతుకునీ వాళ్ళు “ఇది అబద్ధపు రికార్డు కనక” అని వాడుకున్నారు. అందరికీ కంపరం పుట్టించిన ఆ హోలోడెక్ చట్రమే వాళ్ళకి తాళంచెవి అయింది. మీరు చూసింది ట్రిప్ చావుని కాదు, ట్రిప్ చావు గురించి ఒక రికార్డుని. ఆ రికార్డు ఎవరు రాశారు?

మా వృత్తిలో ఇది రోజూ పడే తిప్పలే. లాగ్ ఫైల్లో ఫలానా ప్రాసెస్ ఫలానా వేళకి ఆగిపోయింది అని ఉంటుంది. ఆగిపోయిందని మనకి తెలిసిందా? లేదు. ఆగిపోయిందని ఎవరో రాశారని తెలిసింది. ఈ తేడా పట్టుకోవడానికి కొందరికి ఉద్యోగంలో పదేళ్ళు పడుతుంది. ఈ నవల దాన్ని ఒక కథగా చేసి చూపెట్టింది.

మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో సైన్సు ఫిక్షన్ చదివే బృందం ఒకటి నెలకోసారి కలుస్తుంది. పదీ పన్నెండుమంది వస్తాం. ఒకసారి ఈ నవల పెట్టుకున్నాం. అంతకుముందు నెలలో ఒక మహా గొప్ప అవార్డు నవల మీద నలభై నిమిషాల్లో మాటలైపోయాయి. దీనిమీద మాత్రం లైబ్రరీ మూసేవేళయిందని వచ్చి చెప్పేదాకా ఎవరూ లేవలేదు.

లా చదువుతున్న కుర్రాడొకడు మొదలెట్టాడు. కుర్రాడి వాదన సూటిగా ఉంది. స్టార్ ట్రెక్‌కి హక్కుదారుంది, ఆ హక్కుదారుకి ఒక నియమం ఉంది. తెరమీద వచ్చిందే కానన్, అంటే అధికారికంగా జరిగినట్టు లెక్క. నవలలు వాళ్ళ అనుమతితోనే వస్తాయి గాని, రేపు తెరమీద దానికి విరుద్ధంగా ఏదొచ్చినా నవలదే వీగిపోతుంది. కాబట్టి ట్రిప్ పోయాడు. మీరు చదువుకోండి, ఆనందించండి, కానీ జరిగిందని మాత్రం అనకండి.

వీడి పక్కనే కూర్చున్న నర్సు గారు ససేమిరా అన్నారు. “మొదటిసారి చూసినప్పుడు ఆ చావు నాకు అవమానంలా తగిలింది. ఈ పుస్తకం చదివాక ఆ భాగం నేను మళ్ళీ చూడలేదు, చూడను కూడా. అది జరగలేదు, అంతే” అని తేల్చేశారు.

అందరికంటే చివర మాట్లాడింది నౌకాదళంలో ఇంజన్ రూములో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన పోయాడన్న పక్షమే. కారణం మాత్రం హక్కుదారు కాదు. “అందరూ ఆ చావుకి తగిన కారణం లేదంటారు. ఇంజన్ రూములో మనుషులు అలాగే పోతారమ్మా. మామూలు రోజున, చిన్న సంగతికి. తర్వాత ఎవరో దాన్ని పెద్ద త్యాగమని ఉపన్యాసం చెప్తారు. మీకు నచ్చలేదని అతన్ని గూఢచారిని చేసి బతికించారు. నాకు తెలిసిన కొందరిని అలా బతికించడం కుదర్లేదు” అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నేనిప్పుడు చెప్పబోయేది ఈ ముగ్గురికీ జవాబు. ఆఖరాయన మాటకి మాత్రం పూర్తి జవాబు ఉందని నేననుకోను.

ముందు లా కుర్రాడి సంగతి. “తెరమీద వచ్చిందే లెక్క” అన్నది చక్కని నియమమే. పదిమంది రచయితలు, ఐదారు సీరియళ్ళు, వందలకొద్దీ నవలలు ఉన్నచోట రేపటి కథ రాసేవాడు ఏది చదివి కూర్చోవాలో చెప్పడానికి అలాంటిదొకటి కావాలి. ఏ డేటాబేసు చెప్పింది ఖాయమో నిర్ణయించుకోకుండా మనం మాత్రం ప్రాజెక్టు నడపగలమా? కానీ అది రచయితల గదికి పెట్టుకున్న పని నియమం. చదివేవాడికి వేసిన శిక్ష కాదు. ఆ నియమమైనా రాతిమీద చెక్కింది కాదు. 1973-74లో వచ్చిన స్టార్ ట్రెక్ కార్టూన్ సీరియల్ని 1980ల చివర్లో లెక్కలోంచి తీసేశారు, తర్వాత మెల్లిగా మళ్ళీ చేర్చుకున్నారు. కెప్టెన్ కర్క్ నడిమి పేరు టైబీరియస్ అని ఈనాడు చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. అది ముందు చెప్పింది ఆ కార్టూనే. సులూ అనే పాత్రకి హికారు అన్న పేరు 1981లో వోండా మెకింటైర్ రాసిన “ద ఎంట్రొపీ ఎఫెక్ట్” నవలలోది. పదేళ్ళ తర్వాత, 1991 సినిమాలో, తెర దాన్ని తీసుకుంది. ఉహూరాకి న్యోటా అన్న పేరు నవలల్లో ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి 2009 సినిమాలో తెరకెక్కింది. లెక్కలో లేని పుస్తకాలే కదా ఇవన్నీ? ఆ పేర్లని నిలబెట్టింది నవలలు చదివి, వాటిని నోళ్ళలో నానించిన పాఠకులు. ముద్ర ఆ తర్వాత పడింది.

మనకీ గొడవ కొత్త కాదు. నా మట్టుకు నాకు ఈ తగువు వింటుంటే మన భారతమే గుర్తొస్తుంది. నన్నయ పదకొండో శతాబ్దంలో మొదలెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన పదమూడో శతాబ్దంలో విరాటపర్వం నుంచి చివరిదాకా చేశాడు. మధ్యలో మిగిలిపోయిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఎలా పూరించాడు? తన పేరు ముందుకి తోసుకోకుండా, నన్నయ కాలపు రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయే రాశాడన్నట్టుగా పూరించాడు. నన్నయ ధోరణిలో మొదలై తిక్కన ధోరణిలోకి నడిచివెళ్తుందని మా తెలుగు మాస్టారు క్లాసులో పాఠం చెప్తూ మురిసిపోయేవారు. ఇంకొకరి పాత్రలు, ఇంకొకరి గొంతు, ముందూ వెనకా ఇద్దరు ఉద్దండులు, మధ్యలో అతుకు కనపడకూడదు. సీరియల్‌కి కొనసాగింపు నవల రాసేవాడి పని సరిగ్గా ఇదే. ఆ పనిని మనం చిన్నచూపు చూడలేదు. అలా పూరించినవాణ్ణి కవిత్రయంలో ఒకడిగా కూర్చోబెట్టుకున్నాం.

మూలంలో లేని కథలంటారా, వాటికి లెక్కే లేదు. వ్యాసభారతం మొత్తం గాలించినా శశిరేఖా పరిణయం కనపడదు. 1957లో మాయాబజార్ చూసిన తెలుగువాడెవడైనా “ఇది కానన్ కాదు” అని టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడిగాడా? అంతకంటే నాకు దగ్గరిది ఊర్మిళాదేవి నిద్ర. వాల్మీకి ఊర్మిళని అయోధ్యలో వదిలేసి లక్ష్మణుడితోపాటు అడవికి వెళ్ళిపోయాడు. “మరి ఊర్మిళ ఏమయింది?” అని అడిగినవాళ్ళు మన ఆడవాళ్ళు. జవాబు వాళ్ళే పాటగా కట్టుకున్నారు. పద్నాలుగేళ్ళూ ఆమె నిద్రపోయిందన్నారు, లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ముందు గుర్తుపట్టలేదన్నారు. మా అమ్మమ్మ ఆ పాట పాడినప్పుడు ఎవరి అనుమతీ తీసుకోలేదు. అభిమానుల నవలలన్నీ పుట్టేది సరిగ్గా ఈ ప్రశ్నలోంచే. కెమెరా అటు తిరిగిపోయాక ఇక్కడ మిగిలిపోయినవాళ్ళ సంగతేమిటి?

ఇక్కడొక తేడా ఒప్పుకోవాలి. ఊర్మిళ పాటకి హక్కుదారు లేడు. స్టార్ ట్రెక్‌కి ఉన్నాడు. అచ్చేసి అమ్ముకోవాలంటే అనుమతి కావాలి, అది చట్టం, దానితో నాకు పేచీ లేదు. కానీ అమ్ముకునే హక్కు వేరు, “జరిగింది, జరగలేదు” అని పాఠకుడి మనసులో తీర్పు చెప్పే హక్కు వేరు. మొదటిది కంపెనీ దగ్గరుంది. రెండోది ఎవరూ వాళ్ళకివ్వలేదు. మనమే మర్యాదకి పోయి చేతిలో పెడుతున్నాం.

అలాగని నర్సుగారి పక్షమూ నాకు మింగుడుపడదు. నవల వచ్చింది కాబట్టి ఆ రాత్రి టీవీలో జరిగింది చెరిగిపోయిందనడం కూడా అదే తీర్పు, న్యాయమూర్తి మారాడంతే. నవలకి తన ఇబ్బందులు తనకున్నాయి. చనిపోయినట్టు నటించడం మన ఎన్టీఆర్ సినిమాల నాటి ఎత్తు. దానివల్ల ట్రిప్ ప్రాణం దక్కింది గాని ఆ చివరి క్షణం బరువు తగ్గింది. పోనీ అభిమానులు కోరుకున్నట్టు టిపాల్‌తో హాయిగా కాపురం చేశాడా అంటే, ఆ తర్వాతి నవలల్లోనూ చాలాకాలం పేరు మార్చుకుని, ముఖం మార్చుకుని, శత్రువుల మధ్య బిక్కుబిక్కుమంటూ గడిపాడు. రచయితలు అతన్ని ఉచితంగా బతికించలేదు, గట్టి మూల్యమే వసూలు చేశారు. నాకది నచ్చింది. కానీ నౌకాదళం పెద్దాయనకి ఆ టీవీ చావులో కనపడింది ఈ నవలలో దొరకదు. ఎంత బాగా రాసినా దొరకదు. అది ఆ భాగంలోనే ఉంది. ఆ భాగాన్ని కొట్టేస్తే ఆయన చూసింది కూడా కొట్టుకుపోతుంది.

మన పండితుల దగ్గర దీనికో చక్కని పద్ధతి ఉంది. పాత కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేసేటప్పుడు, ఒక పద్యం కవిది కాదేమో, తర్వాత ఎవరో చేర్చారేమో అనిపిస్తే దాన్ని ప్రక్షిప్తం అంటారు. వేరే ప్రతిలో వేరే మాట ఉంటే పాఠాంతరం అంటారు. అలాగని చింపి పారెయ్యరు. గుర్తుపెట్టి, కిందో పక్కనో అచ్చువేస్తారు. చదివేవాడికి రెండూ కనపడతాయి, ఏది ఎక్కడిదో తెలుస్తుంది, ఏది మనసుకి పట్టించుకోవాలో వాడిష్టం. నా పక్షం ఇదే. ట్రిప్ చావు ఒక పాఠం, ట్రిప్ బతుకు ఇంకో పాఠం. గుర్తు పెట్టండి, చెరపకండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, చెరిపెయ్యడం నిజంగానే జరిగింది. 2000-01 ప్రాంతాల నుంచి స్టార్ ట్రెక్ నవలల్లో చాలా భాగం ఒకదాన్నొకటి అందుకుంటూ, టీవీ ఆగిపోయిన చోటునుంచి కథని ముందుకి తీసుకెళ్ళాయి. పాత్రలకి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, కొందరు పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. ఇరవయ్యేళ్ళు. తర్వాత 2020లో “స్టార్ ట్రెక్: పికార్డ్” అనే కొత్త సీరియల్ వచ్చి, ఆ నవలల దారి కాకుండా వేరే దారి పట్టింది. అందులో తప్పులేదు, పని నియమం ప్రకారం వాళ్ళు నవలలు చదవక్కర్లేదు. కానీ 2021 సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో వరసగా “కోడా” అనే మూడు నవలలొచ్చాయి. డేటన్ వార్డ్, జేమ్స్ స్వాలో, డేవిడ్ మాక్, ముగ్గురూ ఆ నవలల లోకాన్ని కట్టినవాళ్ళలో ఉన్నవాళ్ళే, తలా ఒకటి రాశారు. మూడింటిలోనూ కలిపి ఆ ఇరవయ్యేళ్ళ లోకాన్ని ముగించేశారు. మామూలు ముగింపు కాదు. మన కాలం అసలు కాలం నుంచి చీలిన ఒక పాయ మాత్రమే, మిగతా విశ్వాలు బతకాలంటే ఇది మొదలే లేకుండా పోవాలి అని పాత్రలకే తెలిసేలా చేసి, వాళ్ళ చేతే చెరిపించారు.

రాసినవాళ్ళ నిజాయితీని నేను శంకించను. ఇంకెవరో తలుపు మూసేకంటే మనమే మర్యాదగా మూద్దామనుకున్నారు. చాలామంది అభిమానులు కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ మెచ్చుకున్నారు. ఇంకొందరు పుస్తకం విసిరికొట్టారు. నేను విసరలేదు గాని, మూడోది ముగించాక చాలా రోజులు నాకు నోరు చేదుగా ఉంది. చనిపోయారని కాదు, చావులు కథల్లో మామూలే. “మీరు ఇరవయ్యేళ్ళు చదివింది అసలుది కాదు కాబట్టి ఉండటానికి వీల్లేదు” అన్న మాటని కథ తన నోటితోనే ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అవసరమే లేదు. అక్కడితో ఆపేస్తే చాలు. ఓడని అలా సాగిపోనిస్తే చాలు. కొత్త సీరియల్‌కి చోటు కావాలంటే పాత నవలలు చోటు ఖాళీ చెయ్యనక్కర్లేదు, అవి పుస్తకాల బీరువాలో ఉన్నాయి, టీవీలో కాదు.

విచిత్రమేమిటంటే, ఆ ఔదార్యం చివరికి తెరే చూపించింది. 2024 డిసెంబరులో, “లోయర్ డెక్స్” అనే స్టార్ ట్రెక్ కార్టూన్ ముగియబోయే ముందు భాగంలో, మరో విశ్వం నుంచి వచ్చిన టిపాల్ కనిపిస్తుంది. గొంతు పాత టిపాల్‌దే, జొలీన్ బ్లేలాక్. ఆ విశ్వంలో ట్రిప్‌తో తనకి అరవై ఏళ్ళ పైచిలుకు కాపురం జరిగిందని మామూలుగా చెప్పుకుపోతుంది. నవలలో జరిగింది కాదిది, టీవీలో జరిగిందీ కాదు, మూడోది. ఎవర్నీ చెరపలేదు. పక్కన ఇంకో పాఠాంతరం అచ్చువేశారు, అంతే. పందొమ్మిదేళ్ళు పట్టింది గాని, హక్కుదారుడే మన పండితుల పద్ధతికి వచ్చాడని నేను సంబరపడ్డాను.

“ఓ బొమ్మల సీరియల్ గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు నాయనా?” అని మా నాన్నగారిలాంటివాళ్ళు అడుగుతారని తెలుసు. నాకిది సీరియల్ గొడవ ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా అమ్మాయికి ఏడేళ్ళు. ఇక్కడ దుకాణంలో కొన్న బొమ్మల రామాయణం ఒకటి దాని దగ్గరుంది, అందమైన ఇంగ్లీషు పుస్తకం. ఆదివారాలు మా అమ్మ విజయవాడ నుంచి వీడియోలో కథ చెప్తుంది. తను వాళ్ళమ్మ దగ్గర విన్న కథ. ఆ పుస్తకంలో ఊర్మిళ పేరు ఒక్కచోట ఉంది, మా అమ్మ కథలో ఊర్మిళకి ఓ గది, మంచం, పద్నాలుగేళ్ళ నిద్ర ఉన్నాయి. మొన్నామధ్య అమ్మాయి నన్నడిగింది, “నాన్నా, విచ్ వన్ ఈజ్ రియల్?” అని. అచ్చులో ఉన్నదే, కంపెనీ ముద్ర ఉన్నదే అసలుది అని ఆ వయసులో ఒకసారి నేర్చుకుంటే, దాని దృష్టిలో మొదట ఓడిపోయేది స్టార్ ట్రెక్ నవలలు కావు. మా అమ్మ ఓడిపోతుంది. దేశం కాని దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్న మనకి, అచ్చులో లేనిదే ఎక్కువ మూటగట్టుకొచ్చిన మనకి, ఇది చిన్న సంగతి కాదు.

నేను దానికి చెప్పిన జవాబు ఇది. ఇది ఈ పుస్తకం చెప్పిన కథ, అది బామ్మ చెప్పిన కథ. ఏది ఎవరు చెప్పారో గుర్తుంచుకో, చాలు. అది కాసేపు ఆలోచించి “అయితే నాకు బామ్మది కావాలి, దాన్లో మంచం ఉంది” అంది.

కాబట్టి, ఈసారి ఎవరైనా ట్రిప్ టక్కర్ పోయాడా బతికున్నాడా అని అడిగితే నా జవాబు ఇది. 2005లో ఓ సాయంత్రం ఒకరు చెప్పిన కథలో పోయాడు. 2007లో ఇద్దరు చెప్పిన కథలో వేషం మార్చుకుని బతికాడు. 2024లో చెప్పిన కథలో, వేరే విశ్వంలో, అరవై ఏళ్ళకు పైగా కాపురం చేశాడు. మూడూ మన బీరువాలో పడతాయి. నౌకాదళం పెద్దాయనకి మొదటిది కావాలి, నర్సుగారికి రెండోది కావాలి. వచ్చే నెల కలిసినప్పుడు ఒకరి కథ ఒకరు లాక్కోకుండా కూర్చుంటే, లైబ్రరీ మూసేదాకా మాట్లాడుకోవడానికి మాకింకా చాలా ఉంది.